ఇరవై ఆరు డబ్బాలు

నోటీసు రెండు భాషల్ల ఉన్నది.
మా ఇంట్ల ఆరు భాషలున్నయి,
గోడ మీదివి రెండూ ఎవ్వనికి పూర్తిగ రావు.

సత్వాల, బస్ స్టేషన్ వెనుక మూడో సందు,
ఇరవై ఏడో నంబరు విల్లా.
విల్లా అంటే నవ్వకుండ్రి.
నాలుగు అర్రలు, ముప్పై ఒక్క మంచాలు,
హాల్ల ప్లైవుడ్ అడ్డం కొట్టి ఇంకో ఆరు.
నాది కిటికీ పక్క పై మంచం. యాభై దిర్హాంలు ఎక్కువ.
కిటికీ తెరువరాదు.
అయినా కిటికీ కిటికే.

వెనుక వంటిల్లు సుగుణమ్మక్క మెస్సు.
రాజోలు మనిషి. పులుసుల బెల్లమేస్తది.
జగిత్యాలోళ్లం పదకొండేండ్ల సంది
తిట్టుకుంట తింటున్నం.
"ఏం రాసేరు భూమయ్యా, సదివి సెప్పు."
కూలగొడ్తరట అక్కా, మల్ల కడ్తరట.
"కడితే మంచిదేగా. ఎవరికంట?"
మీది నుంచి కిందికి రెండుసార్లు సదివిన.
అది రాయలేదు.

తెల్లారి సందు చుట్టూ రేకులు నిలబెట్టిండ్రు.
రేకుల మీద రాబోయే సందు బొమ్మ:
చెట్లు, నీళ్లు, కుక్కను పట్టుకొని నడిచే పిల్ల.
మంగలి షేర్ జమాన్ చానసేపు చూసిండు.
ఇంతమందికి జుట్టు ఎవరు కత్తిరిస్తరన్నడు.
బొమ్మల మంగలి దుకాణం లేదు.
బట్టలు కుట్టే మిషను లేదు.
అంత పెద్ద బొమ్మల
ఒక్క తీగ మీద ఒక్క తడి లుంగీ లేదు.

ఆదివారం రాత్రి అందరం కూసొని
పాత క్యాలెండరు వెనుక అర్జీ రాసినం.
కూలగొట్టే పని, కట్టే పని
ముందుగాల ఈ సందోళ్లకియ్యాలె.
కట్టినంక ఏదో ఒక మూల
నాలుగువందల లోపు మంచాలుంచాలె.
కుంజాలిక్క హోటల్ పిలగాడు ఇంగ్లీషు చేసిండు.
మమ్ములను 'లోకల్స్' అని రాసిండు.
అక్కడ కలం ఆగింది.

ఇరవై రెండేండ్లు.
కొడుకు పెండ్లికి పోయి, తొమ్మిదో నాడు వచ్చి
ఇదే మంచం ఎక్కిన.
ఊర్ల రేషన్ కార్డుల నా పేరు కొట్టేసిండ్రు,
ఈడ ఉంటలేడని.
ఇక్కడ వీసా మీద తారీకున్నది,
ఈడోడు కాడని.
మరి యాడోణ్ణి?
పిలగాడు ఆ మాట కొట్టేసి
'ఇక్కడ పడుకునేటోళ్లు' అని రాసిండు.

ఆఫీసుల తీసుకున్నరు. ముద్ర గూడ వేసిండ్రు.
పదమూడో నాడు ఫోనొచ్చింది.
సగం మాట ఒప్పుకున్నరు:
కూలగొట్టుటానికి పద్నాలుగు మంది కావాలె,
ఈ సందోళ్లైనా సరే, దినాం తొంభై.
మంచాల మాట ఎత్తలేదు.
ఉండుటానికి సజ్జ క్యాంపు,
బస్సుల పోను గంటన్నర, రాను గంటన్నర,
ట్రాఫిక్ దేవునెరుక.
అక్కకు గూడ పని దొరికింది:
మాకూ, వాళ్ల మిషన్లోళ్లకూ పగటి బువ్వ,
ఇరవై ఆరు డబ్బాలు.

ముందు తలుపులు తీసినం. తర్వాత అర్రలు.
నా గోడ నేనే కొట్టిన.
పెచ్చు ఊడితే లోపట గీతలు,
నాకంటె ముందు పండుకున్నోడెవడో
నెలకొకటి గీసుకున్నడు.
నూట నాలుగు.
లెక్కపెట్టినంక కొట్టిన.

మిషను వంటింటి దిక్కు తిరిగింది.
సుగుణమ్మక్క గంటె పట్టుకొని గడపల నిలబడ్డది.
"ఇంకా తొమ్మిది డబ్బాలున్నాయి. అన్నం వార్చాలి.
అయ్యేదాకా ఈ గోడ ముట్టుకున్నారంటే ఊరుకోను."
ఫోర్‌మెన్ ఈజిప్టోడు. మాట అర్థం కాలే,
వాసన అర్థమయింది.
మిషను బంద్ వెట్టిండు.

సందంత సప్పుడు లేదు.
గంజి వారుతున్న సప్పుడొక్కటే.
సుత్తెలు కింద వెట్టి,
ఇంకా నిలబడి ఉన్న ఆ ఒక్క గోడ నీడల
వరుసగ కూసున్నం.
పులుసుల మల్ల బెల్లమే వేసింది.
తిట్టుకుంట తిన్నం.